దొంగ గోడ దూకగానే తెలియాలంటే ఇంటికి ఏం పెట్టించాలి?

మీరు అడిగింది మిగతావాళ్లకూ అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. మీ అమ్మానాన్న అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు కొత్త లేఔట్‌లో సొంతింట్లో ఉంటున్నారు. ఇద్దరికీ డెబ్భై దగ్గర పడ్డాయి, నాన్నగారికి వినికిడి కాస్త తగ్గింది. మీరు ఉద్యోగం కోసం బెంగళూరులో ఉన్నారు. ఇంటి పక్క ప్లాట్లు ఖాళీ, నిండా కంపచెట్లు. ఈమధ్య వెనక వీధిలో దొంగలు పడ్డారు. షాపు అతను ఎనిమిది కెమెరాలకు కొటేషన్ ఇచ్చాడు. నలభై వేల లోపు ఏది పెట్టిస్తే దొంగ లోపలికి రాకముందే తెలుస్తుంది అని మీ ప్రశ్న.

ఆ కొటేషన్ పక్కన పెట్టండి. అనంతపురంలో ఇళ్లకు అలారాలు, కెమెరాలు బిగించడమే నా వృత్తి కాబట్టి కెమెరాలకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఎనిమిది కెమెరాలు పెట్టిస్తే జరిగిన దొంగతనం ఎనిమిది వైపుల నుంచి కనిపిస్తుంది, అంతే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది వ్యవహారం. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో చెడ్డీ గ్యాంగ్ తిరిగిన ఫుటేజీ టీవీల్లో అందరం చూశాం. అలాంటి ఫుటేజీ కేసుకు పనికొస్తుంది, కాదనను. కానీ రికార్డింగ్ నడుస్తున్నంత మాత్రాన లోపల పడుకున్నవాళ్లకు మెలకువ రాదు.

నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు చూసేది ఒకటే. దొంగ గోడ దూకిన దగ్గర్నుంచి పెద్దవాళ్లు పడుకున్న గదిలోకి రావడానికి ఎంతసేపు పడుతుంది, ఆ దారిలో ఎక్కడ అలారం మోగుతుంది? అలారం మోగాక కూడా దొంగకు పగలగొట్టాల్సిన తలుపు ఇంకొకటి మిగిలి ఉండాలి. తలుపు విరిగాక మోగే అలారం మీ ఇంటికి దండగ. చాలామంది హాల్లో ఒక మోషన్ సెన్సార్, అంటే కదలికను పట్టేది, పెట్టించుకుని ధీమాగా పడుకుంటారు. అది మోగిందంటే దొంగ అప్పటికే హాల్లో ఉన్నట్టు. తాళం వేసిన ఇంటికైతే సరే, మనుషులు నిద్రపోయే ఇంటికి అది చాలదు.

అందుకని మొదటి ఖర్చు ఎలక్ట్రానిక్స్ మీద కాదు, వెనక తలుపు మీద. మన దగ్గర ముందు వాకిలికి టేకు తలుపు, దాని ముందు చానల్ గేటు, ఇంత లావు తాళం అన్నీ పెడతారు. వెనక వంటింటి తలుపు చూస్తే ఫ్లష్ డోరు, దానికి అరచేతి పొడవు టవర్ బోల్టు, చిన్న చిన్న స్క్రూలు. గడ్డపార మొన దూర్చి ఒక్కసారి ఎత్తితే బోల్టు స్క్రూలతో సహా ఊడి వస్తుంది. మిద్దె మీద మెట్లగది తలుపు ఇంకా అధ్వానం. ఎండకు ఎండి, వానకు తడిసి కింద చెక్క పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. పక్కిల్లు ఆనుకుని ఉంటే ఆ మిద్దె మీంచి ఈ మిద్దె మీదకు రావడం కష్టమేమీ కాదు. ఈ రెండు తలుపులకూ లోపలివైపు ఇనుప అడ్డగడియ, గోడలోకి దిగే బోల్టులతో పెట్టించండి. వడ్రంగి కూలీతో కలిపి నాలుగైదు వేలు అవుతుంది. అమ్మానాన్న పడుకునే గదికి కూడా లోపలినుంచి గట్టి గడియ ఉండాలి.

ఇక సెన్సార్ల సంగతి. తలుపులకు పెట్టే మాగ్నెటిక్ సెన్సార్ చవకైనది, నమ్మకమైనది. చట్రానికి ఒక స్విచ్చి, తలుపుకు ఒక అయస్కాంతం. రెండూ దూరమైతే అలారం ప్యానెల్‌కు, అంటే సెన్సార్లన్నీ కలిసే పెట్టెకు, కబురు వెళ్తుంది. చెక్క తలుపుకు మామూలుది చాలు. చానల్ గేటుకూ ఇనుప తలుపుకూ ఆ ప్లాస్టిక్ ముక్క అతికించి వెళ్లిపోయేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేసుకుంటుంది, ఊరికే మోగడమో అసలు మోగకపోవడమో జరుగుతుంది. లోహపు తలుపులకు, షట్టర్లకు విడిగా బరువైన రకం ఉంటుంది, అదే అడగండి.

అయితే ఈ సెన్సార్ కూడా తలుపు తెరుచుకున్నాకే మోగుతుంది. మీకు దానికంటే ముందే తెలియాలి కదా, దానికి వైబ్రేషన్ సెన్సార్ ఉంది. చట్రానికో కిటికీ గ్రిల్‌కో బిగిస్తే, గడ్డపార తగిలిన మొదటి దెబ్బకే పట్టుకుంటుంది. మన ఊళ్లో ఎండాకాలం రాత్రుళ్లు కిటికీ రెక్కలు తెరవకుండా ఎవరూ పడుకోలేరు. రెక్క తెరిచి ఉంటే దానికి మాగ్నెట్ పెట్టి లాభం లేదు, కాపాడాల్సింది గ్రిల్‌నే. గ్రిల్‌కు ఒక్కో వైబ్రేషన్ సెన్సార్ పెట్టించండి. దీంట్లో చిన్న స్క్రూ తిప్పి సున్నితత్వం సరిచేస్తారు. బిగించినవాళ్లు ఆ పని చేయకుండా వెళ్లిపోతే లారీ పోయినా మోగుతుంది, టపాసు పేలినా మోగుతుంది. ఎదురుగా నిలబడి గ్రిల్‌ను మామూలుగా చేత్తో తట్టించండి, మోగకూడదు. తర్వాత రాడ్‌తో వంచబోయినట్టు గట్టిగా లాగించండి, మోగాలి. ఈ పరీక్ష అయ్యేదాకా బిల్లు కట్టొద్దు.

మోషన్ సెన్సార్ దగ్గర మన సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, షాపుల్లో ఎవరూ చెప్పరు. మామూలు మోషన్ సెన్సార్‌ను పీఐఆర్ అంటారు, అది మనిషిని చూడదు, వేడిలో తేడాను చూస్తుంది. మన చర్మం వేడి ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీలుంటుంది. డిసెంబరులో గోడ చల్లగా ఉంటుంది కాబట్టి మనిషి దాని ముందు స్పష్టంగా తెలుస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై రెండు డిగ్రీలు కాసిన పడమటి గోడ రాత్రి పదకొండింటికి కూడా సెగలు కక్కుతుంటుంది. గది వేడి, మనిషి వేడి దగ్గర దగ్గరగా ఉంటే సెన్సార్‌కు మనిషి ఆనడు. మంచి కంపెనీలు ఉష్ణోగ్రతను బట్టి తనంతట తాను సర్దుకునేలా చేస్తాయి, అయినా పట్టుకునే దూరం తగ్గుతుంది. దీనికి మందుగా ‘డ్యూయల్ టెక్నాలజీ’ సెన్సార్ అంటగడతారు, అంటే పీఐఆర్‌తో పాటు, తరంగాలు పంపి కదలికను పట్టే మైక్రోవేవ్ కూడా ఉండేది. అది మంచిదే కానీ, మామూలు సెట్టింగ్‌లో రెండూ ఒప్పుకుంటేనే మోగుతుంది. ఉత్తుత్తి అలారాలు తగ్గుతాయి నిజమే. వేడికి పీఐఆర్ మొద్దుబారితే మాత్రం మైక్రోవేవ్ ఒక్కటే చూసినా మోగదు. అందుకే నేను లోపలి మోషన్ సెన్సార్‌ను ఆఖరి వరసగానే లెక్కవేస్తాను. ఒకటి పెట్టించండి చాలు, హాల్లో, దొంగ అడ్డంగా దాటే చోట. తన వైపు నేరుగా వచ్చే మనిషి కంటే అడ్డంగా నడిచే మనిషినే అది బాగా పట్టుకుంటుంది. పరీక్ష మాత్రం మే నెలలో మిట్టమధ్యాహ్నం ఇంకోసారి చేయించండి.

ప్రహరీ గోడ మీదకు వద్దాం. గోడ దూకగానే తెలియాలన్నారు కాబట్టి అసలు జవాబు ఇక్కడే ఉంది. గోడ పొడవునా రెండు చివర్లా రెండు పెట్టెలు పెడతారు, వాటి మధ్య కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు నడుస్తాయి. మనిషి అడ్డం వస్తే తెగి అలారం వస్తుంది. బీమ్ సెన్సార్ అంటారు. ఒక్క కిరణం ఉన్నది కొనొద్దు, పిట్ట ఎగిరినా మోగుతుంది. జంట కిరణాలది కొనండి, రెండూ ఒకేసారి తెగితేనే మోగుతుంది. మీకు ఖాళీ ప్లాట్ల వైపు గోడ ఒక్కదానికి చాలు, నాలుగు వైపులా అక్కర్లేదు. ఎండ వేళ కిరణాన్ని అందుకునే పెట్టె ముఖం ఉదయపు సూర్యుడికో సాయంత్రపు సూర్యుడికో నేరుగా ఉంటే ఇబ్బంది పెడుతుంది. మీ గోడ తూర్పు పడమరలుగా ఉంటే అందుకునే పెట్టెను ఎటు తిప్పాలో ముందే ఆలోచించమనండి.

దీనికి పెద్ద శత్రువు గాలి. ఆషాఢంలో మన వైపు గాలి ఎలా వీస్తుందో మీకు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. పక్క ప్లాటులోని కంప కొమ్మ ఒకటి గోడ మీదకు వంగి ఉంటే చాలు, రాత్రంతా మోగుతుంది. బట్టలారేసిన తీగ గోడ పక్కన ఉన్నా అంతే. బీమ్ పెట్టించే ముందు ఆ గోడ వెంట కంప కొట్టించండి, ప్లాటు ఓనరును అడిగితే ఎవరూ వద్దనరు. కర్నూలు, నంద్యాల వైపు నాపబండలు నిలబెట్టి కాంపౌండ్‌గా వాడే ఇళ్లుంటాయి, అలాంటివాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. బండకు డ్రిల్ వేస్తే పగులుతుంది, పైగా బండ గాలికి కాస్త ఊగినా కిరణం గురి తప్పుతుంది. విడిగా ఇనుప పోలు పాతి దానికి బిగించుకోండి.

గోడ మీద కరెంటు తీగ లాగుదామని మీ నాన్నగారు అన్నారని రాశారు. దయచేసి ఆ ఆలోచన మానిపించండి. అడవి పందుల కోసం పొలాల్లో కరెంటు తీగలు పెట్టి, వాటికి మనుషులే బలైన వార్తలు చూస్తూనే ఉన్నాం. ఇంటి కరెంటు గోడకు ఇవ్వడం నేరం. రాత్రి బంతి కోసం గోడెక్కిన పిల్లవాడు పోయినా కేసు మీ నాన్నగారి మీదే పడుతుంది.

కెమెరాలు మూడు చాలు. గేటు మీద ఒకటి, ఖాళీ ప్లాట్ల వైపు సందులో ఒకటి, బయట మెట్లు మిద్దెకు ఎక్కేచోట ఒకటి. అలారం మోగగానే ‘నిజమా, ఉత్తదా’ అని ఫోన్‌లో చూసుకోవడానికే ఇవి. మనిషిని గుర్తుపట్టి, గీసిన గీత దాటితే ఫోన్‌కు చెప్పే రకం తీసుకోండి. మామూలు మోషన్ అలర్ట్ ఉన్నదైతే తొలకరి వాన పడ్డ రాత్రి ఉసిళ్లన్నీ కెమెరా వెలుగు చుట్టూ మూగి మీ ఫోన్‌ను వందలసార్లు మోగిస్తాయి. మూడో రోజుకు మీరే నోటిఫికేషన్లు ఆపేస్తారు. సాలెగూడు కూడా అంతే, నెలకోసారి చీపురుతో దులపమనండి. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్రం నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి. పాత స్టాకు అంటగట్టేవాళ్లుంటారు కాబట్టి ఆ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడిగి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి. ఇంకొకటి, యాప్‌లో మెయిన్ అకౌంట్ మీ పేరు మీదే తెరవాలి. బిగించే కుర్రాడు తన ఫోన్‌లో అకౌంట్ తెరిచి మీకు షేర్ చేసి వెళ్తాడు, అలవాటు కొద్దీ. అంటే మీ ఇంటి తాళంచెవి అతని దగ్గరే ఉన్నట్టు. పాస్‌వర్డ్ అతను వెళ్లాక మీరే మార్చుకోండి.

ఇవన్నీ కలిసే చోటు అలారం ప్యానెల్. దీంట్లో చూడాల్సింది యాప్ అందం కాదు. కరెంటు పోతే, ఇంటర్నెట్ పోతే ఏమవుతుంది? మన దగ్గర కరెంటు మీటరు, మెయిను గేటు పక్కన బయట గోడకే ఉంటాయి. ఫైబర్ తీగ స్తంభం మీంచి చేతికందేలా వేలాడుతుంటుంది. మెయిను ఆపి ఆ తీగను కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే వైఫై మీద ఆధారపడ్డ సామాను మొత్తం గుడ్డిదవుతుంది. అందుకని ప్యానెల్‌కు సొంత బ్యాటరీ, సొంత సిమ్ రెండూ ఉండాలి. సిమ్ విషయంలో ఒక తిరకాసు ఉంది. చవక ప్యానెళ్లు 2జీ మీదే నడుస్తాయి, జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వాటిలో పనిచేయదు. కొన్ని వేలు ఎక్కువైనా 4జీ ప్యానెలే తీసుకోండి. ఆ సిమ్‌కు రీఛార్జ్ అయిపోతే ప్యానెల్ మూగబోతుంది, మీ ఫోన్‌తో పాటే దానికీ రీఛార్జ్ చేసే అలవాటు పెట్టుకోండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టిస్తే కరెంటు కోతల్లో కెమెరాకూ, మీకూ లింకు తెగదు, కాకపోతే కెమెరాల కరెంటు కూడా ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి.

కరెంటు పోగానే ప్యానెల్ మీకు మెసేజ్ పంపేలా పెట్టించుకోండి. ఇదీ ఒక ముందస్తు హెచ్చరికే. ఇంటికి మాత్రమే కరెంటు పోయి వీధిలైటు వెలుగుతుంటే అమ్మానాన్న తలుపు తీసి మీటరు చూడ్డానికి బయటికి వెళ్లకూడదు. ఈ మాట మీరు ఫోన్‌లో కాదు, ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి. ఎన్ని సెన్సార్లు పెట్టినా, లోపలి మనిషే గడియ తీస్తే అన్నీ వృథా.

ప్యానెల్‌లో రాత్రిపూట వాడే మోడ్ ఒకటుంటుంది, ‘స్టే’ అనో ‘హోమ్’ అనో. అది వేస్తే తలుపులు, గ్రిల్స్, గోడ సెన్సార్లు మేలుకుని ఉంటాయి, హాల్లోని మోషన్ సెన్సార్ నిద్రపోతుంది. పెద్దవాళ్లు రాత్రి రెండుమూడుసార్లు బాత్రూమ్‌కు లేస్తారు. ఈ మోడ్ సరిగ్గా నేర్పకపోతే వాళ్లే అలారం మోగించుకుని, హడలిపోయి, వారం తిరక్కుండా మొత్తం స్విచ్చాఫ్ చేసి పెడతారు. ఇలా ఆపేసిన ప్యానెళ్లను నేను ఎన్నో చూశాను. అమ్మగారికి కీచైన్ రిమోట్ ఇప్పించండి. పడుకునేటప్పుడు ఒక బటన్, పొద్దున పాలపాకెట్ కోసం లేచినప్పుడు ఇంకో బటన్. తనకు ఫోన్ యాప్ నేర్పే ప్రయత్నం పెట్టుకోకండి. మంచం పక్కన ఒక పానిక్ బటన్ కూడా ఉండాలి, ఏ మోడ్‌లో ఉన్నా నొక్కగానే మోగేది.

సైరన్లు రెండు. బయటిది మిద్దె పైన, నిచ్చెన లేకుండా అందనంత ఎత్తులో. రెండోది పడకగదిలో, నాన్నగారి తల వైపు. వినికిడి తగ్గినవారికి శబ్దంతో పాటు మెరిసే లైటు ఉన్నది పెట్టించండి. గోడ దగ్గరి బీమ్ తెగితే నేరుగా బయటి సైరన్ మోగించొద్దు. లోపల చిన్న శబ్దం, బయట ఫ్లడ్ లైట్లు, మీకు ఫోన్, అంతవరకే ఉండాలి. తలుపో గ్రిల్లో కదిలితే అప్పుడు రెండు సైరన్లూ మోగాలి. పిల్లి దూకినప్పుడల్లా వీధంతా లేస్తే నాలుగోసారి నుంచి ఎవరూ కిటికీ కూడా తెరవరు. చాలామంది దొంగలు లైటు వెలగగానే వచ్చిన దారినే పోతారు. అందుకే లైట్ల మీద పెట్టిన రూపాయి నాకు బాగా ఇష్టం.

మోగాక ఎవరు వస్తారు? మీరు రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. మీ ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చే వేళకు మీరు నిద్రలో ఉంటారు. అందుకని ప్యానెల్ కాల్ చేసేలా పెట్టించండి, ఆ నంబరును డోంట్ డిస్టర్బ్‌లో కూడా మోగేలా సెట్ చేసుకోండి. కాల్ లిస్టులో మొదటి పేరు మీది కాదు, ఎదురింటివాళ్లది ఉండాలి, వాళ్లను ముందే అడిగి ఒప్పించుకుని. తర్వాత ఊళ్లోనే ఉన్న దగ్గరి బంధువు. మీరు మూడోవారు. ఒక సంగతి చాలామందికి తట్టదు. మీరు బెంగళూరు నుంచి 112కు చేస్తే కర్ణాటక కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది. అమ్మానాన్న అక్కడినుంచి చేస్తేనే మన రాష్ట్రానికి వస్తుంది. కాబట్టి అమ్మానాన్న ఉండే ఏరియా పోలీస్ స్టేషన్ నంబరు, అనంతపురం జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు మీ ఫోన్‌లో ఇప్పుడే వేసుకోండి. పట్టపగలు ఒకసారి స్టేషన్‌కు వెళ్లి, ఇద్దరు పెద్దవాళ్లే ఉంటారని చెప్పి రండి, నైట్ బీట్ ఆ వీధికి పెట్టమని అడగండి. మర్యాదగా అడిగితే కాదనరు.

అమ్మానాన్న మీ దగ్గరకు వచ్చి ఇంటికి తాళం పడ్డప్పుడు మాత్రం ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, తాళం వేసిన ఇళ్లపై నిఘా) సేవ ఉంది. యాప్‌లో ముందుగా రిజిస్టర్ చేసుకుని, ఊరెళ్తున్నట్టు చెబితే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ వెళ్తుంది. డబ్బులేమీ తీసుకోరు. మనుషులున్న ఇంటికి ఇది పనికిరాదు, అందుకే దీన్ని మీ అలారానికి బదులుగా అనుకోవద్దు.

డబ్బు లెక్క కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ, సుమారుగా తలుపుల పనికి ఐదు వేలు, 4జీ ప్యానెల్, సైరన్లు, రిమోట్‌కు పన్నెండు, తలుపుల, గ్రిల్స్ సెన్సార్లకు ఏడెనిమిది, బీమ్ జతకు నాలుగైదు, మిగిలిందాంట్లో కెమెరాలు. చాలకపోతే కెమెరాల్లో ఒకటి తగ్గించండి, బీమ్ వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. వైబ్రేషన్ సెన్సార్లు, అడ్డగడియలు తగ్గించొద్దు. వైర్‌లెస్ సెన్సార్లయితే బ్యాటరీ అయిపోతే ప్యానెల్ చెప్పే రకమే కొనండి. కొన్ని చెప్పవు, చచ్చి ఊరుకుంటాయి.

గోడ ఎంత పొడవుంది, ఏ దిక్కుకు ఉంది, మెట్లు లోపలా బయటా అనేది రాస్తే బీమ్ ఎక్కడ బిగించాలో, రెండు పెట్టెలకు వైరు ఎలా లాగాలో చెప్తాను. ఈలోగా వడ్రంగిని పిలిపించండి, అడ్డగడియలకు నా జవాబు కోసం ఆగక్కర్లేదు.